నాలుగంగుళాల ఎత్తు

శ్రీవారికి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. మేమంతా అంటే నేనూ, అత్తయ్యా, ఎట్టకేలకు కారడం మానేసిన వంటింటి కప్పూ. మీరు కూడా క్షేమంగానే ఉన్నారని మీ ఉత్తరం చూడగానే తెలిసింది. ఒంట్లో బాగా లేనివాళ్ళకి ఇంకొకళ్ళని క్షమించే ఓపిక ఎక్కడుంటుంది?

మీ ఉత్తరం అందిన రోజే జవాబు రాయడానికి కూర్చున్నాను. రాస్తే అందులో రాయకూడని మాటలే పడేలా ఉన్నాయి. అందుకని కాగితం ఉప్పు డబ్బా కింద పెట్టేసి వారం ఆగాను. ఆ మాటలేమీ తగ్గలేదు గానీ చేతిరాత కాస్త కుదుటపడింది.

మీరడిగినవాటికి వరసగా జవాబు చెప్తాను, మొదటిది తప్ప. నేనెలా ఉన్నానో అడక్కముందే "షెడ్డు తెరవలేదు కదా?" అని అడిగారు. దాని సంగతి చివర్లో చెప్తాను. అందాకా స్థిమితంగా కూర్చుని చదవండి.

మీ భుజం ఎముక అతుక్కుందనీ, వంతెన పనిలో మళ్ళీ క్రేను ఎక్కుతున్నాననీ రాశారు. సంతోషం. ఇది వెటకారం కాదు, నిజంగానే సంతోషం. ఎడం చేత్తో బరువులు ఎత్తకండి. ఆ వంతెన మీరొక్కరే కట్టట్లేదు.

అత్తయ్య మోకాళ్ళ గురించి అడిగారు. ఆవిడ మోకాళ్ళకేమీ రాలేదు. పొద్దున్నే వీధి చివరిదాకా నడిచి పాలు తెస్తున్నారు, దారిలో నలుగురితో తగువు పెట్టుకుని మరీ వస్తున్నారు. జబ్బు మోకాళ్ళది కాదు, మన దున్నపోతుది. తుక్కు కొట్టు వెనకాల గడ్డి మొలిచి పడున్న ఆ ఫోర్‌వీల్ డ్రైవ్ బండిని మీరు చూపించి "దీనికి ప్రాణం పోద్దామా?" అంటే నేనూ పిచ్చిదానిలా తలూపాను. ఇంజనూ వెల్డింగూ మీ వంతు, వైర్లూ లైట్లూ నా వంతు. మొదటిసారి స్టార్టయినప్పుడు అది రంకె వేసింది చూడండి, అప్పుడు దున్నపోతని పేరు పెట్టింది అత్తయ్యే. ఆ తర్వాత ప్రతి ఆదివారం మనలాంటి బళ్ళవాళ్ళ గుంపుతో సరదాగా రాళ్ళూ గోతులూ ఎక్కించి దించడానికి వెళ్తే, ముందు సీటు ఆవిడదే. నేను మా అక్క ఇంటికెళ్ళిన నాలుగు రోజుల్లో మీరు ఇరుసుల మీద దిమ్మలు పెట్టి బండిని నాలుగంగుళాలు ఎత్తు లేపారు. ఆ వారం ఆవిడ స్టూలేసుకుని ఎక్కారు. పై వారం స్టూలు మీంచి జారారు. ఆ పై వారం "నాకు నిద్రొస్తోంది, మీరు వెళ్ళండి" అన్నారు. కన్నతల్లి ఎక్కలేని బండిని చూసి మీరు "ఇప్పుడొచ్చింది దీనికి అందం" అన్నారు.

అక్క ఇంటి నుంచి తిరిగొచ్చిన రోజునే మిమ్మల్ని అడిగాను. "ఏమండీ, బండి ఎత్తు పెంచారు సరే, చక్రాల దగ్గరికి వెళ్ళే బ్రేకు హోసు పైపులు పాతవే ఉన్నాయిగా? చక్రం గోతిలోకి వేలాడితే అవి చాలుతాయా?" అని. చిలక్కి చెప్పినట్టు చెప్పాను. మీరు నవ్వి "నీ వైర్లు నువ్వు చూసుకోవే" అన్నారు. తర్వాత మీ పనితనం చూసి పళ్ళ డాక్టరుగారూ బేకరీ ఆయనా వాళ్ళ బళ్ళు కూడా తెచ్చి మీ చేతే ఎత్తు పెంచుకున్నారు. మీరు ఒక అంగుళం పెరిగారు.

ఇక ఆ రోజు సంగతి. మీ ఉత్తరంలో ఏం రాశారో మీకు గుర్తుండకపోవచ్చు, ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను: "ఆ రోజు జరిగింది నేను మనసులో పెట్టుకోలేదు. నిన్నెప్పుడో క్షమించాను. నువ్వు కూడా మర్చిపో."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

పాత క్వారీలో రాళ్ళ మెట్టు దిగుతున్నారు మీరు. బండి ముక్కు అడ్డం వస్తుంది కాబట్టి నడిపేవాళ్ళకి చక్రం కింద ఏముందో కనపడదు. ఎదురుగా నిలబడి చేతులతో దారి చూపించేవాళ్ళే కళ్ళు. వేళ్ళు ఊపితే రావాలి, రెండు పిడికిళ్ళు పైకెత్తితే ఆగాలి. ఆ పనికి మన ఆదివారం గుంపులో నన్ను మించినవాళ్ళు లేరని మీరే చెప్పేవారు. డాక్టరుగారైతే వాళ్ళావిడని పక్కకి జరగమని మరీ నన్ను పిలిచేవారు. ఆ రోజు మీ ఎడమ చక్రం గోతిలోకి దిగింది, కుడి చక్రం బండరాయి ఎక్కబోతోంది. నేను రెండు పిడికిళ్ళూ ఎత్తాను. మీరు ఆగలేదు. బండి రాయెక్కి పక్కకి పడిపోయింది.

మిమ్మల్ని బయటికి లాగింది నేను. మీ తల నా ఒళ్ళో ఉంది. అందరూ పరిగెత్తుకొచ్చి ఏమైందని అడిగితే, మీరు నా మొహంలోకి చూస్తూ, "రమ్మని చెయ్యూపింది" అన్నారు.

మీకు నొప్పి, పైగా అంతమంది ముందు. ఇంటికెళ్ళాక సరిచేస్తారులే అనుకున్నాను. మీరు సరిచెయ్యలేదు. బండిని ఇంటికి లాగించి, నన్ను దాని దగ్గరికి రానివ్వకుండా షెడ్డుకి తాళం వేసి, ఎముకకి కట్టుతోనే వంతెన పని ఊరికి వెళ్ళిపోయారు. తప్పు సైగ చేసినవాళ్ళు మళ్ళీ బండి ముందు నిలబడకూడదని గుంపులో నియమం పెట్టింది కూడా మీరే. బేకరీ ఆయన రొట్టె కడుతూ, "పోన్లేమ్మా, అందరికీ కంగారొస్తుంది" అని నన్ను ఓదార్చాడు. ఆ ఓదార్పు నాకు చెంపదెబ్బలా తగిలింది. అత్తయ్య కూడా "చెయ్యి తడబడిందేమోలే అమ్మాయ్" అన్నారు. ఆ రోజు నేను అన్నం తినలేదు. మీరంటే అసహ్యం వేసింది. పెళ్ళయినప్పట్నుంచీ కోపం చాలాసార్లు వచ్చింది గానీ అసహ్యం అదే మొదలు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. షెడ్డు తెరిచాను.

తాళం చెవి మీరు పట్టుకెళ్ళారు. తలుపు బందుల స్క్రూలు మాత్రం బయటి వైపే వదిలేశారు. పట్టపగలే ఊడదీశాను. తలుపు ఒక పక్క నేను పట్టుకున్నాను, రెండో పక్క అత్తయ్య. "వాడికి తెలిస్తే అరుస్తాడు" అన్నారావిడ. "అరవనివ్వండి, వినపడనంత దూరంలో ఉన్నారు" అన్నాను. నేను వెళ్ళింది చక్రం మీద వంగిన రేకు సాపు చేద్దామని, అంతే. ఎడమ చక్రం విప్పితే హోసు పైపు తెగి వేలాడుతోంది. కోసినట్టు లేదు, రాయి తగిలినట్టూ లేదు. లాగితే తెగినట్టుంది. కుడి పక్క పైపు బాగానే ఉంది. జాకీ వేసి బండిని లేపి, కుడి చక్రాన్ని నెమ్మదిగా కిందికి వదిలాను. చక్రం ఇంకా బెత్తెడు దిగాల్సి ఉండగానే పైపు తీగలా బిగుసుకుపోయింది. పాత బండి, నాలుగు చక్రాలకీ కలిపి ఒకటే బ్రేకు లైను. ఒక్క పైపు తెగితే నూనె కారిపోయి ఎక్కడా బ్రేకుండదు.

అంటే ఆ రోజు మీరు నా పిడికిళ్ళు చూశారు. బ్రేకు తొక్కారు. మీ కాలు నేలదాకా దిగిపోయింది. మీకు అప్పుడే తెలుసు.

టార్చి పట్టుకున్న అత్తయ్యకి విడమరిచి చెప్పాను. ఆవిడ ఆ పైపుని అటూ ఇటూ తిప్పి చూసి, "చిన్నప్పుడు గాజు గ్లాసు పగలగొట్టి పిల్లి పడేసిందనేవాడమ్మా" అన్నారు. "మనింట్లో పిల్లుండేదా అత్తయ్యా?" అని అడిగాను. "ఎప్పుడూ లేదు" అన్నారు. పైపు నా చేతిలో పెట్టి "ఇప్పుడు నువ్వు దొరికావు" అన్నారు.

అదంతా అయ్యాకే మీకు కిందటి ఉత్తరం రాశాను. "ఆ రోజు గురించి నాతో చెప్పాల్సింది ఏమైనా ఉందా?" అని అందులో అడిగాను చూడండి, తెలిసే అడిగాను. అప్పటికి వానలు పడి క్వారీ నిండా నీళ్ళున్నాయి, ఎవరూ బళ్ళు బయటికి తియ్యట్లేదు, కాబట్టి మీకు గడువివ్వగలిగాను. మీరే చెప్తే బాగుంటుందని ఆశపడ్డాను. ఎందుకు ఆశపడ్డానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది. వానలు తగ్గాయి, మొన్నటి ఆదివారం క్వారీకి వెళ్దామని గుంపులో కబురొచ్చింది. మర్నాడే మీ క్షమాపణ... కాదు, మీ క్షమాభిక్ష చేరింది.

మీరు నాకు చేసిన అన్యాయం ఒక ఎత్తు. మీరు ఎత్తు పెంచిన ఆ రెండు బళ్ళూ అవే పొట్టి పైపులతో తిరుగుతున్నాయే, బేకరీ ఆయన ఇద్దరాడపిల్లలూ వెనక సీట్లో కూర్చుంటారే, అది మీకు ఒక్కసారైనా గుర్తుకు రాలేదా? వచ్చినా నోరు విప్పలేదా? ఈ రెండింటిలో ఏది నిజమో నాకు చెప్పకండి. ఏదైనా నేను తట్టుకోలేను.

ఆ పైపు సంచిలో వేసుకుని డాక్టరుగారి దగ్గరికెళ్ళాను. దాన్ని బయటికి తియ్యకుండానే పనైపోతే మీ పరువు నిలుస్తుందనుకున్నాను, దేవుడి మీద ఒట్టు. "మీ బండికి బ్రేకు పైపులు చాలవండీ, ఆదివారం లోపు మారుస్తాను" అన్నాను. ఆయన పేషెంటు నోట్లో దూది కుక్కుతూ, "అవి మీ ఆయన స్వయంగా చూసి పెట్టినవి కదమ్మా. ఏమనుకోకండి, మీరింకా ఆ కంగారులోనే ఉన్నట్టున్నారు" అన్నారు.

చూశారా, మీ అబద్ధం ఎంత బాగా పనిచేసిందో. బండిలో లోపం తెలిసింది నాకొక్కదానికే, నన్నేమో ఎవరూ బండి మీద చెయ్యి వెయ్యనివ్వరు.

సంచిలోంచి పైపు తీసి ఆయన పనిముట్ల పళ్ళెంలో పెట్టాను. మొత్తం చెప్పాను. కుర్చీలో ఉన్న పేషెంటు కూడా నోరు తెరుచుకునే విన్నాడు, పాపం అతనికి వేరే దారి లేదు. డాక్టరుగారు తెల్లకోటుతోనే వెళ్ళి వాళ్ళ బండి కింద దూరారు. నేను జాకీ వేసి చక్రం కిందికి వదిలాను. చాలాసేపు ఆయన కాళ్ళు మాత్రమే కనిపించాయి. బయటికొచ్చి కోటు దులుపుకోకుండా, "అయితే ఆ రోజు మీరు..." అన్నారు.

"పిడికిళ్ళు ఎత్తాను. రెండూ."

ఆయన అక్కడ నిలబడే బేకరీ ఆయనకి ఫోన్ చేసి, "ఆ బండిని నువ్వు కదిలించకు" అన్నారు. రెండు బళ్ళకీ పొడుగు పైపులు నేనే వేశాను. బేకరీ ఆయన ఒక్కటే మాటన్నాడు, "అన్నయ్యగారు ఫోన్లో చెప్పినా సరిపోయేదమ్మా" అని. ఆదివారం ఎవరూ మీ పేరెత్తలేదు. మిమ్మల్ని తిడతారనీ, వింటూ సంతోషిద్దామనీ వెళ్ళాను. తిట్టకపోయేసరికి నాకే ఏడుపొచ్చింది.

ఇంకొకటుంది. ఇది చదివి క్రేను మీంచి దూకకండి. దున్నపోతు నాలుగంగుళాలూ పీకేశాను. మళ్ళీ మునుపటి ఎత్తుకే తెచ్చాను. మీ దిమ్మలు షెడ్డు తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టాను, బాగా పనికొస్తున్నాయి. అత్తయ్య స్టూలు లేకుండా ఎక్కి ముందు సీట్లో కూర్చుని, "ఇప్పుడొచ్చింది దీనికి అందం" అన్నారు. అదే రాళ్ళ మెట్టు నేను నడుపుకుంటూ దిగాను. ఎదురుగా డాక్టరుగారు నిలబడ్డారు. ఆయన సైగలు చెయ్యడం నాకు నచ్చలేదు, కానీ పిడికిలి ఎత్తిన ప్రతిసారీ ఆగాను.

వచ్చే నెల సెలవు మీద వస్తానన్నారు. రండి. ఇల్లు అత్తయ్యది, రావద్దనే హక్కు నాకు లేదు. కానీ వచ్చేముందు డాక్టరుగారికీ బేకరీ ఆయనకీ మీ చేత్తో రాయండి, ఆ రోజు తప్పింది బ్రేకు, నా చెయ్యి కాదని. వాళ్ళకి తెలిసిన సంగతే, అయినా మీ నోట రావాలి. అది రాయకుండా వస్తే మీకు భోజనం అత్తయ్య పెడతారు, మాట కూడా ఆవిడతోనే. ఆవిడ ఆశీస్సులు చెప్పమన్నారు. మనింట్లో ఇప్పటికీ పిల్లి లేదని కూడా రాయమన్నారు.

రాసి వస్తే, మొదటి ఆదివారం దున్నపోతుని మీరే నడపండి. అదే మెట్టు. ఎదురుగా నేనే నిలబడతాను. అక్కడ వంతెన మీద కింద నిలబడ్డవాడు పిడికిలి బిగిస్తే టన్నుల బరువుని గాల్లో ఆపేస్తారు కదా, నాకూ అంత మర్యాద చాలు. పొడుగు పైపులు వేశాను, నూనె మార్చాను, పెడలు రాయిలా ఉంది. నేను పిడికిళ్ళు ఎత్తాక ఈసారి బండి ఆగలేదంటే, అది బ్రేకు కాదు. మీరే.

ఇట్లు,
మీరు క్షమించిన
మీ ఆవిడ