దెవోతమ్మకిచ్చిన పడవ

మొనాకో, కొండమీది పాతూరు
1974 ఫిబ్రవరి 9

దకార్ రేవులో ఉన్న చిరంజీవి తమ్ముడు మార్సెలిన్‌కి అక్క రొసాలి దీవెనలు.

ఇక్కడ నాన్నా నేనూ తింటున్నాం, తిరుగుతున్నాం, దగ్గుతున్నాం. ప్రస్తుతానికి క్షేమమంటే అదే అనుకో. అక్కడ నువ్వు వేళకి తింటున్నావని తలుస్తాను. ఓడనిండా జనానికి వండిపెట్టేవాడు తన కంచం మరిచిపోతాడని అమ్మ అంటూండేది కదా.

నీ ఉత్తరం ముగ్గురు రాజుల పండగ వారంలో, జనవరి మొదట్లో అందింది. జవాబు రాయడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది. బద్ధకం అనుకోకు. రెండుసార్లు మొదలుపెట్టి పొయ్యిలో పడేశాను.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు చెప్పేస్తాను. నాన్న మోకాలు వానొస్తే నొప్పి, ఎండొస్తే సణుగుడు. అమ్మ సమాధి మీద రాయి వేయించాం, తెల్లది. నువ్వు పంపిన పూసలదండ దానికే చుట్టాను. రేవుగట్టు మీద అమ్మ పట్టుకు కూచునే ఎర్రగొడుగు నా దగ్గరే ఉంది, ఒక పుల్ల విరిగింది. బతిస్తా బాబాయ్ ఇంకా చేపలు పడుతున్నాడు, పట్టినవాటికంటే చెప్పేవి పెద్దవి. మార్కెట్లో సోకా అట్టు, అదే మన శనగపిండి అట్టు, ఇప్పటికీ మాడ్చే ఇస్తున్నారు. ఇక పడవకి పచ్చరంగు వేయించాలా, నీలం వేయించాలా అని అడిగావు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

అమ్మ పోయాక నాన్న ఎలా ఉన్నాడో నీకు సరిగ్గా రాయలేదు. అమ్మ అక్టోబరులో పోయింది. ఆ తర్వాత ఆయన పడవెక్కలేదు. ఎందుకెక్కుతాడు? గట్టు మీద గొడుగు కింద కూచుని "రండి బాబూ రండి, సముద్రం మీంచి చూడనిదే ఈ ఊరు చూసినట్టే కాదు" అని వచ్చేపోయేవాళ్ళని పిలిచేది అమ్మ. పడవ ముందు నుంచుని రాజుగారి కోట, చేపల మ్యూజియం, కాసినో చూపిస్తూ వాగింది నువ్వు, నువ్వు వెళ్ళాక నేను. ఆయన ఇన్నేళ్ళూ వెనక చుక్కాని పిడి పట్టుకుని నోరు మూసుకు కూచున్నవాడే. పిలిచే గొంతు లేకపోయేసరికి ఆయనకి ఏం చెయ్యాలో తెలియలేదు. పడవ పక్కన అమ్మ పేరు 'కాటరీన' అని నువ్వు రాసిన అక్షరాలున్నాయి చూడు, రోజూ వెళ్ళి వాటిమీది ఉప్పు తుడిచి వచ్చేసేవాడు.

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం బతిస్తా బాబాయ్‌ని, ఫాదర్ లొరెంజీని భోజనానికి పిలిచాం. రొట్టె మీద అక్రోటు కాయలు సిలువలా పెట్టాను. అమ్మ చేసేలాంటి ఆకుకూర కూరిన బార్బజువాన్లు వేయించాను, సగం నూనెలోనే విచ్చుకున్నాయి. నాన్న ఆలివ్ రెమ్మ పాత వైనులో ముంచి, పొయ్యి ముందు సిలువ గుర్తు వేసి, ఎప్పుడూ చెప్పే దీవెన చెప్పాడు. గ్లాసు మనిషికో గుక్క తాగుతుంటే మధ్యలో అన్నాడు. "ఈ ఏడు దెవోతమ్మ పండక్కి కాల్చడానికి నా కాటరీనని ఇస్తున్నాను" అని.

ఆ మంట అంటే ఏమిటో నీకు నేను చెప్పాలా. మన ఊరిని కాచే పునీతురాలు దెవోతమ్మవారి ఎముకలు దొంగిలించుకుపోతున్న దొంగలని మన జాలరులు వెంటాడి పట్టుకుని, వాళ్ళ పడవ తగలబెట్టారని మనకి పాలతోపాటు పట్టిన కథే. దానికి గుర్తుగానే ఏటా గుడి ముందు ఒక పడవ కాలుస్తాం. పనికిరాని పడవలే ఇస్తారు ఎవరైనా. బాగున్న పడవ ఇవ్వడం గొప్ప. బతిస్తా బాబాయ్ లేచి నాన్నని కావలించుకున్నాడు. నేను గిన్నెలు తీశాను. ఆయన గుండెలోంచి ఏదో బరువు దిగినట్టు కనిపించింది, దిగనీ అనుకున్నాను.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది.

నాన్నకి పైకి చదివాను. అమ్మ చావుకి రాలేకపోయినందుకు నువ్వేడ్చింది చదివాను. 'నీళ్ళ మీద అడుక్కుతినే బతుకు' అని నువ్వు వెళ్ళేరోజు ఆయన్ని అన్న మాటకి ఇన్నేళ్ళకి క్షమాపణ అడిగింది చదివాను. ఓడపని మానేసి ఈస్టర్‌కి వచ్చేస్తాను, పడవ అమ్మొద్దు, నాన్న గట్టు మీద కూచుంటాడు, చుక్కాని నేను పట్టుకుంటాను అన్నది చదివాను. ఆయన కిటికీవైపు తిరిగి ఉన్నాడు.

"చివరిది మళ్ళీ చదువు" అన్నాడు.

చదివాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ చదివాను.

అప్పుడే నా చెప్పులు వేసుకుని ఫాదర్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన మంచివాడు. "అమ్మవారికి కట్టెలు కరువేమీ కాదమ్మా, మీ పడవ మీరుంచుకోండి, వేరేది చూస్తాం" అన్నాడు. ఎగురుకుంటూ వచ్చి చెప్పాను. నాన్న ఏమన్నాడో తెలుసా?

"ఫాదర్ ఎవరు వద్దనడానికి? ఇచ్చింది ఆయనకా?"

"నాన్నా, కొడుకు వస్తున్నాడు. ఆ పడవ ఉంటేనే రేవులో మన చోటు ఉంటుంది. అది పోతే వాడొచ్చి ఏం చేస్తాడు?"

"అమ్మవారికి ఇచ్చింది వెనక్కి తీసుకున్నవాణ్ణి మనూళ్ళో ఏమంటారే?"

"ఎవరూ ఏమీ అనరు."

"దొంగ అంటారు. నా తాత, ముత్తాత ఆ దొంగల్ని తరిమినవాళ్ళు. నేను దొంగనవను."

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. రాజుగారున్న ఊళ్ళో పుట్టి మరీ నిరూపించాడు మన నాన్న. నేను ఏడ్చాను, తిట్టాను, రెండు రోజులు మాట్లాడలేదు. ఆయనకి నేను మాట్లాడకపోవడం హాయిగానే ఉన్నట్టుంది.

పండక్కి ముందు ఆదివారం పొద్దున్న, "పద, ఒక చుట్టు తిప్పుతాను" అన్నాడు. అమ్మ గొడుగు వేసుకుని ఊరు చూడ్డానికొచ్చిన దొరసానిలా మధ్య బల్ల మీద కూచున్నాను. రేవు దాటగానే ఆయన నోరు విప్పాడు. మార్సెలిన్, నీ మాటలన్నీ చెప్పాడు. ఒక్క ముక్క పొల్లుపోకుండా, నీ యాసలో, నువ్వు ఎక్కడ దగ్గేవాడివో అక్కడ దగ్గి. కోట దగ్గర నీ అబద్ధం, మ్యూజియం దగ్గర తిమింగలం కథ, అన్నీ. కాసినో ఎదురుకి రాగానే చెయ్యి చాపి, "అదిగో కాసినో. మా ఊరివాళ్ళు అందులో ఆడకూడదని మా చట్టం. మీరు ఆడొచ్చు. అందుకే మేం ఇంకా ఇక్కడున్నాం, మీరు రేపు వట్టి జేబులతో ఇంటికి పోతారు" అన్నాడు.

నేను గొడుగు పక్కకి వంచి ఆయన్ని చూశాను.

"నవ్వాలి" అన్నాడు. "ఇక్కడ అందరూ నవ్వుతారు."

నవ్వాను. ఆయన నీ మాటలన్నీ అన్నేళ్ళూ వెనక కూచుని వింటూనే ఉన్నాడని నాకప్పుడు తెలిసింది. నీకు చెప్పకుండా ఎలా ఉండను.

రంగు సంగతి అడిగావు కదా. రంగు వెయ్యలేదు తమ్ముడూ. జనవరి ఇరవయ్యారు సాయంత్రం, గుడి ముందు, బిరియానీ ఆకు కొమ్మలు, పైన్ కొమ్మలు పేర్చి, మన కాటరీనని కాల్చేశారు. ఇది రాయడానికే ఇన్నాళ్ళు పట్టింది. నువ్వు దేనికోసం వస్తానన్నావో అది లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా వారం తిరక్కుండా మన చోటులో ఎవరిదో తెల్లటి విలాసనౌక తెచ్చి కట్టారు. దాని పేరు కూడా నాకు చదవడం రాలేదు.

మంట చూడ్డానికి ఊరంతా వచ్చింది, పై ఊళ్ళవాళ్ళు అంతకు రెట్టింపు వచ్చారు. కెమెరా పట్టుకున్న ఒకావిడ నా భుజం తట్టి, కాస్త పక్కకి జరుగుతావా, ఫోటోకి అడ్డంగా ఉన్నావు అంది. జరిగాను. బతుకంతా వాళ్ళకి ఊరు చూపించాం కదా, ఆ రోజు మమ్మల్నే చూశారు. 'కాటరీన' అన్న అక్షరాల్లో చివరిది కాలడానికి చాలాసేపు పట్టింది. నాన్న టోపీ చేత్తో పట్టుకుని నుంచున్నాడు, ముఖంలో ఏమీ లేదు.

బతిస్తా బాబాయ్ నా పక్కన చేరి, "ఏమే, పడవకి చుక్కాని పిడి లేదేంటి?" అన్నాడు.

"గుడిదాకా లాగేటప్పుడు ఊడిపోయి ఉంటుంది బాబాయ్."

"అంత గట్టిగా బిగించింది ఊడిపోతుందా" అని మంటకేసి తిరిగాడు.

తర్వాతి ఆదివారం పూజలో నాన్న దివ్యసత్ప్రసాదానికి లేవలేదు. మోకాలు నొప్పేమో అనుకున్నాను. నిన్న కూడా అమ్మ ఆత్మకోసం చెప్పించిన పూజలో లేవలేదు. అమ్మ పేరుమీద పూజ, ఆయన తల వంచుకుని బల్ల మీదే కూచున్నాడు. చెప్పుకోని పాపమేదో ఉంటేనే కదా ప్రసాదానికి లేవరని వెనక వరసలో ఆడవాళ్ళు గుసగుసలాడారు.

ఇవాళ పొద్దున్న దుప్పట్లు మారుద్దామని ఆయన మంచం దగ్గరికి వెళ్ళాను. అమ్మ పడుకునే వైపు దుప్పటి కింద, అమ్మ శాలువాలో చుట్టి, చుక్కాని పిడి ఉంది. నూనె పెట్టి తుడిచాడు కాబోలు, నిగనిగలాడుతోంది. చెయ్యి అరిగిన చోట గుంట అలాగే ఉంది.

ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేను ఏమీ అడక్కముందే చెప్పాడు.

"ముందురోజు ఊడదీశాను. అంతా ఇస్తానన్నాను, ఇవ్వలేదు. దొంగల పడవ కాల్చే పండగలో దొంగని నేనేనే అమ్మా."

"ఫాదర్‌తో చెప్పుకోండి నాన్నా. ఆయన ఏమీ అనడు."

"చెప్పుకుంటే తిరిగి ఇచ్చేయమంటాడు. ఇవ్వను." లోపలికొచ్చి శాలువా అంచు మళ్ళీ కప్పి అన్నాడు, "వాడు పట్టుకుంటానన్నాడు కదా."

మార్సెలిన్, కోటలో గంట కొట్టినా మంచం మీంచి లేచి మోకరించే మనిషి మన నాన్న. ప్రసాదానికి దూరమై, నరకానికి పోతానని నిజంగా నమ్ముతూ, ఆ కర్ర నీకోసం దాచుకున్నాడు. వాడికి రాయకు అన్నాడు. వస్తే నా చేత్తో ఇస్తాను, రాకపోతే నా శవపెట్టెలో నా పక్కన పెట్టు, అమ్మవారికి నేనే అప్పజెబుతాను అన్నాడు. రాయనని మాటిచ్చాను. ఇదిగో రాస్తున్నాను. ఈ ఇంట్లో దొంగ ఒక్కడే ఉంటే బాగోదు.

పడవ లేదు. చోటు లేదు. నిన్ను ఏ ముఖం పెట్టుకుని రమ్మనను? ఓడలో పని వదులుకుని వచ్చి, వట్టి కర్ర పట్టుకుని గట్టు మీద నిలబడమని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. వద్దనడానికి అసలు రావడం లేదు. నువ్వే ఆలోచించుకో.

ఒక్కటి మాత్రం చెయ్యి. నీ జవాబు ఆయన నా చేత చదివించుకుంటాడు, చివరి ముక్క మూడుసార్లు. వచ్చేటట్టయితే ఆ మాట చివర్లో పెద్దగా రాయి. రానట్టయితే అది వేరే కాగితం మీద నాకు రాసి, ఆయనకి దకార్ ఎండల గురించి రాయి. ఏం చదవాలో నేను చూసుకుంటాను.

ఇట్లు,
నీ నోటి మాటలు ఇంకా కంఠస్థంగా ఉన్న
అక్క రొసాలి