అక్క విప్పిన కట్టు

మద్రాసు, 12-8-84

అంబక్కకు తమ్ముడు భీమసేనుడి నమస్కారాలు. ప్రాణానికి భయం లేదు, కాలు మాత్రం పోయినట్టే.

తుంటిలో వేసిన ఉక్కు కీలుకు చీము పట్టి, నిన్న దాన్ని తీసేశారు. ఉక్కులో నెత్తురు పారదు కదా, బిందెకు పాచి పట్టినట్టు క్రిములు దాన్ని పట్టుకుంటే ఏ సూదిమందూ అక్కడిదాకా పోదని డాక్టరు చెప్పాడు. కీలుకే మందు పట్టించి, క్రిమిని దగ్గరికి రానివ్వని ఉపాయం కోసం విదేశాల్లో పాటుపడుతున్నారట. అంటే తన మడి తానే కాపాడుకునే కీలు. అది నాకు అందలేదు. నీ మడి అందింది.

నర్సును "మీది యా ఊరమ్మా?" అని నువ్వు అడగకుండా ఉండాల్సింది. పెద్దకడుబూరు ఇశ్రాయేలు కూతురని తెలిసిన మరునాడే ఆమె కట్టిన కట్టు విప్పేశావు. "ఎవరెవరో ముట్టిన గుడ్డ ఒంటిమీద ఎట్లుంచుకుంటావప్పా" అంటూ కుళాయినీళ్ళలో జాడించిన నీ మడిచీర చించి కట్టావు. ఆ అమ్మాయి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాకే నన్ను ముడుతుంది, ఇప్పటికీ.

నా సెలవు పొడిగించమని హెడ్మాస్టరు చక్రపాణిగారిని అడుగు. మిద్దె కారుతోందా? కాలు సంగతి నీ మరదలు దేవకికి నువ్వే చెప్పు, నా చేత కాదు.

మళ్ళీ వచ్చి సేవ చేస్తానని రాశావు. రావద్దు. ఆశీర్వాదం కార్డు మీద రాసి పంపు. ఇకమీదట నన్ను ముట్టుకోవద్దు.