తిన్నావా అని అడిగిన ఫోను

అక్కా,

నేను బాగానే ఉన్నాను. ఫోనులో చెబితే ఏడ్చేస్తానని కార్డు రాస్తున్నాను.

పోయిన వారం వీసా ఆఫీసు నుంచి అంటూ ఒకాయన ఫోన్ చేశాడు. "నీ కాగితాల్లో తప్పుంది తల్లీ, ఇవాళే జరిమానా కట్టకపోతే వెనక్కి పంపించేస్తారు" అన్నాడు, చక్కటి తెలుగులో. మధ్యలో "ఇంతకీ అన్నం తిన్నావా?" అనీ అడిగాడు. ఇక్కడికొచ్చాక ఆ మాట అడిగినవాళ్లే లేరక్కా. గదిలో ఒక్కదాన్నే కూర్చుని, అద్దెకు దాచిన డబ్బంతా పంపేశాను. అందగానే ఫోన్ పెట్టేశాడు.

సిగ్గు చంపుకుని కాలేజీ ఆఫీసులో మేడంకి చెప్పాను. నన్ను తప్పుపట్టలేదు. "ఏ ఆఫీసూ ఇలా ఫోన్‌లో డబ్బడగదమ్మా" అని, దగ్గరుండి పోలీసులకు ఫిర్యాదు రాయించింది. ఇబ్బందుల్లో ఉన్న విద్యార్థుల నిధి నుంచి ఈ నెల అద్దె ఇప్పించింది. పోయిన డబ్బు మాత్రం రాకపోవచ్చట.

బావ నడుంనొప్పి తగ్గిందా? చంటిదానికి పళ్లొచ్చాయా? నాన్నకు ఈ సంగతి మెల్లగా నువ్వే చెప్పు.

నా పేరు చెప్పి ఎవరైనా డబ్బడిగితే పంపకు. గొంతు అచ్చం నాదిలాగే ఉన్నా ముందు నాలుగు తిట్టు. తిరిగి తిట్టకపోతే అది నేను కాదు.

చంటిదానికి ముద్దులు, మీ ఇద్దరికీ దండాలు. ఆ ఫోను తర్వాత నంబరు మార్చాను, కొత్తది కార్డు వెనక రాశాను. తిట్టడానికైనా సరే, ఫోన్ చెయ్యక్కా.

నీ చెల్లి