ఆండాళమ్మవ్వ తలుపు తీసింది

నాయనకు, పలమనేరు వైపు తిరిగి దండం పెట్టుకుని రాస్తున్నాను. ఫోన్లో చెబితే పక్కనుండి అమ్మ వింటుంది, అందుకే కాగితం పట్టాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఎర్రావు ఈనిందా? నేను బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను. మన ఊరి చల్లగాలికి పెరిగిన ఒళ్లు కదా, ఈ తిరుపతి ఎండకు చెమటకాయలు లేచాయి. ఎవరైనా ఇటు వస్తుంటే రాగిపిండి పంపు. ఇక్కడి హోటలు సంగటిలో అన్నమే తప్ప రాగి కనబడదు.

నా పని సంగతి నీకు సగమే చెప్పాను. ఆదివారం పొద్దున ఊరు చూడవచ్చినవాళ్లను పాత వీధిలో నడిపిస్తూ నిధి వేట ఆడించాలి. దేవుడికి మాలలు కట్టిన ఇల్లు ఏది, నడిచి వచ్చిన భక్తులు పడుకున్న అరుగు ఏది అని చీటీలు ఇస్తాం. ఇంటివాళ్లను అడిగి జవాబు రాసినవాళ్లకు బహుమతి. ఆ పాత కథలన్నీ నాకు చెప్పింది ఆండాళమ్మవ్వే. నేను అద్దెకున్నది ఆమె వెనక గదిలోనే. పిల్లాజెల్లా లేని మనిషి. అవ్వ ఇంటి పిల్లనని వీధిలో అందరూ నాకు తలుపులు తీసేవాళ్లు. మురిసిపోయాను, బుద్ధిలేనిదాన్ని.

నెల కిందట మా సారు చీటీలు మార్చాడు. గడప నుంచి పెరటి గోడకు ఎన్ని అడుగులు? గదులెన్ని? ఎందరుంటారు? జనం నవ్వుకుంటూ కొలిచారు. ఆ కాగితాలు పోగేసి సారు చేతికిచ్చింది నేనే. తర్వాత ఒక్కో ఇంటికీ ఇద్దరు మనుషులు వచ్చారు. చేతిలో మా చీటీల కొలతలతో గీసిన ఆ ఇంటి పటం, నోట్లో ఇల్లు అమ్మమనే మాట. అమ్మేది లేదన్నవాళ్లు కూడా వారం తిరిగేసరికి తాళం వేసి పోయారు. అట్లా మూడిళ్లు. ఏం బెదిరించారో ఎవరూ చెప్పరు. నన్ను చూస్తే ముఖం తిప్పుకుంటారు.

పోయిన శనివారం చీటీలో అవ్వ ఇల్లు చూశాను. నేను రానని సారుకు చెప్పేశాను. ఆయన కోప్పడలేదు.

"నువ్వు రాకపోతే ఏమమ్మా, నీ పేరు ఉండాది కదా" అన్నాడు.

నేను లేకుంటే ఆట సాగదులే అనుకుని, ఆదివారం అవ్వకు మందులు తేవడానికి పోయాను. వచ్చేసరికి ఇల్లంతా చెప్పుల మట్టి. వంటింటి దాకా తొక్కారు. ఆటకు వచ్చినవాళ్లందరికీ అవ్వ మజ్జిగ కూడా పోసిందట.

"గిరిజ మనుషులమని చెప్పినారు గదమ్మీ, అందుకే తలుపు తీసినా. మంచోళ్లు. ఒంటిగా ఉండావా అవ్వా అని కూడా అడిగినారు" అంది.

దాచలేక జరిగిందంతా చెప్పేశాను. అవ్వ లేచి, పట్టపగలే గడియ పెట్టింది. తిట్టినా బాగుండేది నాయనా.

ఈ రోజు ఇళ్లు అమ్మమని తిరిగే ఆ ఇద్దరూ ఎదురింటి అరుగు మీద వచ్చి కూర్చున్నారు. ఇంకా లేవలేదు. ఇది రాస్తుంటే కిటికీలోంచి కనబడుతూనే ఉన్నారు.

ఉద్యోగం మానేశాను. ఇంటికి వచ్చేయమని మాత్రం అనొద్దు. నా పేరు చెప్పి తీయించిన తలుపు, అవ్వను వదిలి ఎట్లా రాను? నేను బాగానే ఉన్నానని అమ్మకు చెప్పు. పెద్దనాయనకు, పెద్దమ్మకు నా దండాలు. నీ దీవెన నాతోపాటు అవ్వకూ ఉండనీ. జవాబు ఈ ఇంటికే రాయి. త్వరగా రాయి.

నీ బిడ్డ,
గిరిజ