ఖాళీ మంచాలకు తొంభై నాలుగు మార్కులు

సిరిసిల్ల,
తేది: 6 సెప్టెంబరు 2012.

వృద్ధాశ్రమాల మదింపు అధికారి గారి సముఖమునకు,
క్యాంపు: జగిత్యాల.

అయ్యా,

విషయం: సిరిసిల్ల – తంగళ్ళపల్లి రోడ్డులోని సాయంకాంతి వృద్ధాశ్రమమునకు తమరు ప్రసాదించిన 'ఉత్తమ' శ్రేణి గురించి – అందులో మనుషులు ఉన్న పూట మరొకసారి మదింపు చేయుట గురించి – నర్సవ్వ అను వృద్ధురాలి వీపును వెంటనే డాక్టరుకు చూపించుట గురించి – మనవి.

సూచిక: తమ కార్యాలయం నాకు పంపిన జవాబు. (నేను అడిగినది తప్ప అన్నీ అందులో ఉన్నవి.)

పై విషయమై తమకు మనవి చేయునది ఏమనగా, నేను కోరుట్లలో ఇంటర్మీడియెట్ పిల్లలకు పౌరశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన వాడను. పౌరుడు అధికారికి అర్జీ ఎట్లా పెట్టుకోవలెనో ఏటేటా పాఠం చెప్పినాను. పెట్టుకున్న అర్జీని అధికారి ఏం చేయునో ఆ పాఠంలో లేకుండెను.

నా భార్య సత్యవ్వకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. తరువాత నాకు తుంటి ఎముక విరిగి, ఆమెను లేపి కూర్చోబెట్టే బలం పోయింది. మాకు పిల్లలు లేరు. ఆమె పుట్టినూరు తంగళ్ళపల్లి గనుక, పుట్టింటి గాలైనా తగులుతుందని ఈ ఆశ్రమంలో చేర్పించి, నేను సిరిసిల్లలో ఒక అర్ర కిరాయికి తీసుకొని ఉంటిని. జూలై నెలలో తమరు ఈ ఆశ్రమాన్ని మదింపు చేసి నూటికి తొంభై నాలుగు మార్కులు వేసినారు. ఆగస్టు మొదట్లో నా భార్య చనిపోయింది. ఈ రెండు వాక్యాలకు నడుమ సంబంధం ఉన్నదా లేదా అన్నది తమ విచక్షణకే వదిలి, నా ఫిర్యాదులను వరుసగా విన్నవించుకొనుచున్నాను.

1. శుభ్రత గురించి. 'పక్క దుప్పట్లు ముడతలు లేకుండా ఉన్నవి. స్నానపు గదులు పొడిగా ఉన్నవి. వంటగదిలో ఈగలు లేవు. వాసుల నుండి ఫిర్యాదులు లేవు' అని తమరు రాసినారు. ప్రతి అక్షరం నిజం. ఆనాడు ఆశ్రమంలో వాసులే లేరు. పండుకునే వాళ్లు లేక దుప్పట్లు ముడతపడలేదు. స్నానం చేసే వాళ్లు లేక గదులు తడవలేదు. పొయ్యి వెలగలేదు గనుక ఈగలు కూడా వేరే చోటు చూసుకున్నవి. నేను ఏండ్ల తరబడి పరీక్ష పేపర్లు దిద్దినాను. రాయని పేపరు చాలా శుభ్రంగా ఉంటుంది. దానికి కూడా మార్కులు వేయవచ్చునని నాకు ఎన్నడూ తోచలేదు.

2. వాసులు ఎక్కడికి పోయినారన్నది తమరు అడగలేదు గనుక నేనే చెప్పుచున్నాను. సిరిసిల్లలో తెలంగాణ కొరకు రిలే నిరాహార దీక్షల టెంటు ఉన్నది. పొద్దున దండలు వేసుకొని కూర్చున్న వాళ్లు సాయంత్రం నిమ్మరసం తాగి లేస్తారు. మరునాడు ఇంకొక సంఘం. వకీళ్లు, టీచర్లు, ఆటోల వాళ్లు, సాంచెల మీద బట్ట నేసే వాళ్లు, అందరి పాళ్లూ అయిపోయి, మళ్లీ అయిపోయి, చివరికి కూర్చునే వాళ్లకు కరువు వచ్చింది. అప్పుడు ఆశ్రమ నిర్వాహకుడు వేణు గారికి ఉద్యమం గుర్తుకు వచ్చింది. "మా పెద్దమనుషులు కూసుంటరు. ఎన్నిసార్లంటే అన్నిసార్లు" అని మాట ఇచ్చినారు. దీక్షలో కూర్చున్న మనిషికి ఆ పూట బియ్యం పోయవలసిన పని లేదు. తెలంగాణ ఆలస్యమైన కొద్దీ ఆశ్రమానికి బియ్యం మిగులుతవి. ఇంత ఓపికగా ఉద్యమించిన సంస్థను నేను మరొకటి చూడలేదు.

ఉద్యమం మీద నాకు ఫిర్యాదు లేదు. నేనూ కూర్చున్నాను. నా ఇష్టంతో, నా ఆకలితో.

3. ఆహారం గురించి. తమరు పూర్తి మార్కులు వేసినారు. గోడ మీద రాసిన వంటకాల పట్టీ చూసి వేసి ఉంటారు. ఆ గోడ మీద పెరుగు కూడా ఉన్నది.

సత్యవ్వ పక్క మంచం నర్సవ్వది. ముస్తాబాద్ దిక్కు మనిషి. ఒంట్లో శక్తి ఉన్నన్ని రోజులు పరుల పొలాల్లో కూలి చేసింది. నా అన్న వాళ్లు ఎవరూ లేకపోతే ఊరి చర్చి పెద్దలు తెచ్చి ఇక్కడ చేర్పించినారు. మొదటిసారి టెంటుకు తెచ్చిన రోజు, అక్కడి వ్యవహారం చూసుకునే రమేశ్ అనే సాంచెల కార్మికుడు ఆమె మెడలో దండ వేస్తూ, "అవ్వా, పొద్దుమూకేదాక ఏం తినద్దు. ఉంటవా?" అని అడిగినాడు.

"ఉండకేం కొడుకా. రోజు ఉండేదేనాయె. ఈడ దండేస్తున్నరు, గదే ఫరకు."

టెంటులో అందరూ నవ్వినారు. రమేశ్ కూడా నవ్వబోయి ఆగినాడు. "రోజు ఉండుడేంది?"

"పొద్దుగాల చాయ. పగటీలి గంటెడు బువ్వ, నీళ్ల చారు. రాత్రికి అడిగితే ముసలోల్లకు అరగదంటడు. నాకు అరగదని గాయనకెట్ల ఎరుక?"

ఆ పగలే రమేశ్ ఇంటినుండి సర్వపిండి, జొన్న గట్క, గిన్నెడు చల్ల తెప్పించినాడు. బ్యానరు వెనుక ఒక పరదా కట్టినాడు. "ఒక్కొక్కలు ఎనుకకు రాండ్రి. దీక్ష మేం జేస్తం, మీరు తినుండ్రి. ఫోటోలోల్లు అచ్చినప్పుడు మాత్రం మూతి తుడుసుకొని కూసోండ్రి" అన్నాడు.

అయ్యా, నా భార్య నిరాహార దీక్షా శిబిరంలో కడుపునిండా తిన్నది. ఆశ్రమంలో దీక్ష చేసింది. రెండు చోట్ల బోర్డులు అటుదిటు మార్చి ఉంటే ఈ అర్జీతో పని ఉండేది కాదు.

నాకు ఈ సంగతి చాలా రోజులు తెలియదు. ఇదంతా రమేశ్ తరువాత చెప్పినాడు. ఒకనాడు నేను టెంటుకు పోయేసరికి ఆమె దవడ ఆడుతున్నది. ఏం నములుతున్నవని అడిగినాను. పక్షవాతం తరువాత ఆమెకు మాట ఒక పక్కనుండి, ఆగి ఆగి వచ్చేది. "నీకు జెప్తే... అర్జీ వెడ్తవని... జెప్పలే" అన్నది.

నేను నవ్వినాను. ఈ వాక్యం విషయమునకు సంబంధించినది కాదు. కొట్టివేయగలరు.

4. వినోదం అను అంశం కింద టీవీ ఉన్నదని మార్కులు ఇచ్చినారు. ఉన్నది. వేణు గారి గదిలో ఉన్నది.

5. తమరు ఆశ్రమవాసులను చూడకుండానే మదింపు చేసినారన్న అపవాదు నేను వేయను. చూసినారు. దారిలో చూసినారు.

తమరు వస్తున్నట్టు వేణు గారికి ముందురోజే ఫోను వచ్చింది. ఆ రోజు టెంటులో కూర్చునే పాళి ఆశ్రమానిది కాదు. అయినా మంచం దిగలేని వాళ్లను సహా ఆటోలలో ఎక్కించి టెంటుకు తెచ్చినారు. సత్యవ్వను చక్రాల కుర్చీలో ముందువరుసలో పెట్టినారు. చక్రాలు ఫోటోలో బాగా పడతవని వేణు గారి అభిప్రాయం. నేను ఆమె పక్కన కూర్చున్నాను. తమ జీపు ఆగింది. తమరు దిగి వృద్ధులందరికీ దండం పెట్టినారు. సత్యవ్వ ముందర వంగి, "అమ్మా, పొద్దటినుంచి ఏమన్న తీసుకున్నరా?" అని అడిగినారు.

ఆ సమయమున ఆమె బుగ్గలో సర్వపిండి ముక్క ఉన్నది. నోరు తెరిస్తే రమేశ్ పరువు పోతుంది. తల అడ్డంగా ఊపింది. తమ కండ్లలో నీళ్లు తిరిగినవి. "ఈ వయసుల గింత పట్టుదల. వీళ్లను జూసి మనం నేర్చుకోవాలె" అని మైకులో చెప్పినారు. వెనుకనుండి నర్సవ్వ "నేర్సుకో కొడుకా, నేర్సుకో" అన్నది. అది తమకు వినబడలేదు. చప్పట్లు ఎక్కువగా ఉండెను.

ఆపై తమరు జీపెక్కి ఆశ్రమానికి పోయి, ఆమె మంచాన్ని మదింపు చేసినారు. తమరెవరో ఆనాడు నాకు తెలియదు. మరునాడు పేపరులో ఫోటో కింద తమ హోదా చదివి తెలుసుకున్నాను. ఆ ఫోటో జతపరిచినాను. తమ చేతులకు, ఆమె వీపుకు నడుమ జానెడు దూరం ఉన్నది.

6. వీపు గురించి. 'మంచాన పడిన వారికి పుండ్లు: లేవు' అని తమ గుర్తు ఉన్నది. మంచాలకు పుండ్లు పడవు గనుక ఇదీ నిజమే.

కదలలేని మనిషిని గంట గంటకు పక్కకు తిప్పవలెను. తిప్పే మనిషి కావలెను. ఆశ్రమంలో ఆ పనికి ఒక ఆయా ఉన్నదని గోడ మీద రాసి ఉన్నది, పెరుగు కింద. స్త్రీల హాలులోకి మగవాళ్లను రానియ్యరు. నేను పోయినప్పుడల్లా సత్యవ్వను ముస్తాబు చేసి, కుర్చీలో కూర్చోబెట్టి, ముందరి హాలుకు తెచ్చేవారు. నేను ఆమె ముఖమే చూసినాను. ఆగస్టులో జ్వరం వచ్చింది. వానకాలం జ్వరమని వేణు గారు చెప్పినారు. వానకాలమే, అందులో పొరపాటు లేదు. దవఖానకు తీసుకపోయేసరికి వాళ్లు చేయగలిగింది ఏమీ లేకపోయింది.

చివరి స్నానానికి ఆడవాళ్లు నీళ్లు కాగబెడుతుంటే నర్సవ్వ నన్ను పక్కకు పిలిచింది.

"సారూ, ఈపు సూసినంక నన్ను తిట్టకు. పుండువడి శానొద్దులాయె. నీకు జెప్పద్దని నాతోటి ఒట్టేయించుకున్నది."

"ఎందుకు?"

"ఎరుకైతే నువ్వు దవఖాన్ల ఏస్తవట. టెంటుకు పోనియ్యవట. గాడికి పోతెనే నాలుగు మెతుకులు, నలుగురు మనుషులు. మల్ల మన పాళి ఎప్పుడని రోజు అడిగేది."

నేను వీపు చూసినాను. వర్ణించను. తమ పత్రంలో దానికి ఇచ్చిన గడి చిన్నది.

7. సత్యవ్వ పోయిన వారంలోనే నర్సవ్వ స్నానాల గదిలో జారిపడి మంచం పట్టింది. సత్యవ్వ కుర్చీ ఇప్పుడు ఆమెది. నడుము కింద, అదే చోట, పుండు పడ్డది. దవఖానకు తీసుకపోతానని నేను అంటే, "మీరేమైతరు సార్ ఆమెకు?" అని వేణు గారు అడిగినారు. చెప్పకుండా దవఖానలో చేరిన వాళ్ల మంచం వేరొకరికి ఇస్తారని అక్కడి నియమం. తీసుకపోతానని రమేశ్ కూడా అన్నాడు. నర్సవ్వే ఒప్పుకోలేదు. "పుండు మానితే మానుతది. మంచం పోతే నేనెటు వోవాలె?" అన్నది. పోనీ ఫిర్యాదు మీద వేలిముద్ర వేయమంటే చేయి కొంగులో దాచుకున్నది.

8. కావున నేను జగిత్యాలకు, తమ కార్యాలయానికి వచ్చినాను. తమరు లేరు. సౌమ్య అనే ఉద్యోగిని మర్యాదగా కూర్చోబెట్టింది.

"సార్, కంప్లయింటు ఆశ్రమంల ఉండెటోల్లే ఇయ్యాలె."

"నా భార్య ఉండె."

"అయితే అమ్మను అచ్చి సంతకం పెట్టమనుండ్రి."

చెప్పినాను. ఆ అమ్మాయి చేతిలోని పెన్ను కింద పెట్టింది. "నాకు సమజైతాంది సార్. కానీ రూలు గదే ఉన్నది" అన్నది. ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు. నా మదింపులో ఆ కార్యాలయంలో మనిషిగా నిలిచింది ఆ అమ్మాయి ఒక్కతే.

తరువాత తమ జవాబు వచ్చింది. 'మృతురాలి భర్త ఆశ్రమవాసి అను నిర్వచనంలోకి రాడు. మృతురాలు స్వయంగా ఫిర్యాదు చేసియుండలేదు' అని. రెండవ వాక్యంలోని లోపమును సవరించుటకు గల మార్గములను నేను పరిశీలించినాను. లేవు. మొదటిదానికి ఒకటి కనబడినది.

నిన్న, బుధవారం, నా అర్ర ఖాళీ చేసి సాయంకాంతి వృద్ధాశ్రమంలో చేరినాను. సత్యవ్వ మంచం ఇవ్వమని అడిగితే అది ఆడవాళ్ల హాలు అన్నారు. మగవాళ్ల హాలులో తలుపు పక్కది ఇచ్చినారు. వేణు గారు సంతోషించినారు. చదువుకున్న వాళ్లు ఉంటే మదింపులో మార్కులు పెరుగుతవట. రాత్రి అడిగి చూసినాను. నాకు కూడా అరగదట.

కావున ఇది ఆశ్రమవాసి స్వయంగా, స్వహస్తముతో ఇచ్చుకొనుచున్న ఫిర్యాదు. నిర్వచనంలోకి వచ్చినదని భావిస్తాను.

ప్రార్థన: ఫోను చేయకుండా రావలెను. వెంట ఒక ఆడ డాక్టరును తేవలెను. దుప్పటి తీసి చూడవలెను. నర్సవ్వను దవఖానకు పంపుతూ, తిరిగి వచ్చేదాకా ఆమె మంచం ఆమెకే ఉంచమని తమ సంతకంతో రాసి ఇవ్వవలెను. తొంభై నాలుగు మార్కులు తగ్గించమని నేను కోరను. వాటితో సత్యవ్వకు ఇక పని లేదు.

ఇంతమాత్రం చిత్తగించి, మనుషులున్న పూట ఒకసారి రావలెను.

తమ విధేయుడు,
కె. ముత్తయ్య,
ఆశ్రమవాసి,
మగవాళ్ల హాలు, తలుపు పక్క మంచం.

జత: పేపరు ఫోటో.

తా.క.: ఈ అర్జీని రమేశ్ చేతికి ఇచ్చి పంపుచున్నాను. వచ్చే సోమవారం టెంటులో మా పాళి. అందరూ తయారుగా ఉండాలని వేణు గారు చెప్పినారు. తమరు ఆనాడే వస్తే ఒక్క మనిషైనా ఉండాలని, కడుపులో బాగలేదు, రానని చెప్పినాను. పొద్దున ఆడవాళ్ల హాలు కిటికీ బయట నిలబడి నర్సవ్వకు చెప్పినాను, నువ్వు పోయి తినిరా, ఆ అధికారి అదే రోజు వస్తడని నమ్మకం లేదు అని.

"నేను పోతే ఈపు సూసేదెవలు సారూ?" అన్నది. "నేనూ పోను. ఈన్నే ఉంట, తినకుంట. గా సారు దీక్ష జేసెటోల్లను జూస్తె ఆగుతడు గద. ఈడ గూడ ఆగుతడేమో."

మైకు అవసరం లేదు. ఆమెది కిటికీ పక్క మంచం.