బెల్లం, బజ్జీలు, నా చెయ్యి

చిట్కుల్,
ఆదివారం.

అక్కకు, నీ తమ్ముడు మల్లేశం దండాలు పెట్టి రాస్తున్నాను. బావ మోకాలు నొప్పి తగ్గిందా? పిల్లలు బాగున్నారా? నా దగ్గర ఉండలేక మీ ఇంటికి వచ్చేసిన సుజాత, బిడ్డ ఎలా ఉన్నారు? సుజాత నుదుటి కుట్లు విప్పారా? ఫోన్లో ఇవి అడగాలంటే నోరు పెగలడం లేదు.

నేను బాగానే ఉన్నాను, నా గురించి దిగులు పడకు. కాజీపల్లి మందుల కంపెనీలో పొడి జల్లించే పనిలోనే ఉన్నాను. బెల్లం తింటే గొంతులో పొడి దిగిపోతుందని అక్కడ అందరి నమ్మకం. నేనూ రోజుకు రెండు పెద్ద గడ్డలు మింగేవాడిని. దాని మీద కూల్‌డ్రింకు, గేటు బయట నల్లనూనెలో వేయించిన బజ్జీలు. సుజాత మన జహీరాబాద్ పక్క చేసినట్టే జొన్నరొట్టె, ఆకుకూర చేస్తే ముట్టేవాడిని కాదు. నెలల తరబడి ఇదే తిండి. తల దిమ్ము, నిద్ర లేదు, ఎవరేమన్నా ఒళ్లు మండేది. నీళ్ల పంపు దగ్గర పక్కింటాయన గల్లా పట్టాను. టీవీని నేలకేసి కొట్టాను.

ఆ రోజు సూపర్‌వైజర్ అందరి ముందు నన్ను గాడిద అన్నాడు. తల వంచుకుని నిలబడ్డాను. ఇంటికొచ్చి సుజాతకు చెప్పి పళ్లు కొరికాను. ఆమె రొట్టె పెట్టింది. కంచం విసిరాను. ఇంత కోపం ఎందుకని అడిగింది. కుక్కర్ మూతతో నుదుటి మీద కొట్టాను అక్కా. కింద పడ్డాక కూడా తన్నాను. నెత్తురు రొట్టెల మీద పడింది. బిడ్డ మంచం కిందికి దూరి అరవడం మొదలుపెట్టింది.

వాళ్లు వెళ్లిపోయాక తలనొప్పికి డాక్టర్ దగ్గరికి పోయాను. తిండి గురించి అంతా అడిగాడు. తీపి, వేపుళ్లే తింటూ కూరగాయలు మానేస్తే ఒంట్లో సన్నగా వాపు మొదలవుతుందని, అది మెదడు దాకా పోయి నిద్రను, మనసును చెడగొట్టవచ్చని చెప్పాడు. ఇంకేదో చెప్పబోతుంటే నేను ఆగలేదు. నాకు కావలసింది దొరికింది. బయటికొచ్చి సుజాతకు ఫోన్ చేసి, తప్పు నాది కాదు, నా తిండిది అన్నాను.

ఆమె అంది: "నీ సూపర్‌వైజర్ గాడిద అన్నప్పుడు గూడ నీకు గదే మెదడు గదా. ఆయన ముంగట ఎందుకు వాపు రాలె?"

ఆమె ఆ మాట అని నాలుగు రోజులైంది. బెల్లం, బజ్జీలు మానేశాను. రొట్టె నేనే వంకరటింకరగా కాల్చుకుంటున్నాను. తల కొంచెం తేలికైంది. ఇప్పుడు ఆ రోజు చేసింది ఇంకా బాగా గుర్తొస్తోంది, ఏడుపొస్తోంది. కంపెనీలో చెయ్యి ఆపుకోవడం నాకు వచ్చు అక్కా. ఇంట్లో ఆపుకోవాలని అనిపించలేదు.

సుజాతకు నచ్చజెప్పి పంపమని అడగడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇక అడగను. బావకు నమస్కారాలు చెప్పు, బిడ్డను ముద్దుపెట్టుకో. నీ దీవెన ఈసారి సుజాతకు ఇవ్వు. తనంతట తానే పోతానన్నా జల్దీ పంపకు.

నీ తమ్ముడు,
మల్లేశం