వదిలేముందు ఇంకోసారి

అక్కా,

ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఎత్తవని తెలుసు, అందుకే రాస్తున్నాను.

ఆఫీసులో ఒక తప్పు నన్ను నెలల తరబడి ఏడిపించింది. కంప్యూటర్‌కి గుండెకాయలాంటి కెర్నెల్, మెమరీలో ఒక ముక్కని ఎవరూ వాడటం లేదని చూసుకుని వదిలేస్తుంది. చూడటానికీ వదలటానికీ మధ్య, రెప్పపాటులో ఇంకో ప్రోగ్రామ్ వచ్చి దాన్నే పట్టుకుంటుంది. అంతే, సిస్టమ్ కుప్పకూలుతుంది. మొన్న సరిచేశాను. మధ్యలో ఇంకెవరూ దూరకుండా లాక్ వేసి, వదిలేముందు ఇంకోసారి చూడమన్నాను. అందరూ మెచ్చుకున్నారు.

ఆ సాయంత్రమే అమ్మ కుట్టుమిషను పక్కవీధి టైలరమ్మకి ఇచ్చేశాను. అమ్మ పోయినప్పుడు "నాకెందుకురా, ఇంట్లో చోటేదీ?" అని నువ్వన్న మాటే పట్టుకుని. నువ్వేమో మంచం జరిపి, చోటు చేసి, నేను ఇచ్చేసిన మర్నాడే బండి మాట్లాడుకుని వచ్చావు. కంప్యూటర్‌కి చెప్పిన బుద్ధి నాకు లేకపోయింది.

తిరిగి అడుగుదామని నిన్న ఆవిడ కొట్టుకెళ్ళాను. దాని మీద కూతురికి గౌను కుడుతోంది. "మీ అమ్మగారి చెయ్యి చల్లనిదండీ, దారం ఒక్కసారీ తెగలేదు" అంది. అడక్కుండానే తిరిగొచ్చేశాను.

అడగమంటావా, వద్దంటావా? నువ్వు చెప్పేదాకా ఆ కొట్టు గడప తొక్కను.

నీ తమ్ముడు